ఊరేగింపు బ్యానరుకు కర్ర

ఒక సత్కార్యమును ప్రజలకు తెలియజేయుటకై ఊరేగింపు తీయవలెనని నలుగురు కూడి నిశ్చయించుకొన్నప్పుడు, మొదట ఆలోచించునది గుడ్డమీద ఏమి వ్రాయవలెనని. పిదప ఎవరి పేరు పెద్ద అక్షరములలో ఉండవలెనని. ఆ పిదప ముందువరుసలో ఎవరు నడువవలెనని. ఆ గుడ్డను నిలువబెట్టు కర్రను గూర్చి ఆలోచించువారు అరుదు. బయలుదేరు వేళకు ఎవరో ఒకరు పందిరి గుంజనో, ఇనుప గొట్టమునో, చిత్రిక పట్టని సరుగుడు కర్రనో తెచ్చి ముడివేయుదురు. దానిని ఎవరి చేతికి ఇయ్యవలెనను ప్రశ్న అంతకంటె సులభముగా తీరును. వరుసలో ముందున్న ఇద్దరు బాలికలను పిలిచి, చెరియొక కర్ర చేతబెట్టి, "నడువుండమ్మా" అందురు. అంతటితో ఆ సంగతి మరతురు.

మేము కొన్ని సంవత్సరములుగా గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పట్టణములలో అక్షరాస్యత కొరకును, బాల్యవివాహముల నివారణ కొరకును తీయు ఊరేగింపులలో నడచుచున్నాము. మాకు ఉపన్యాసము చేయు నేర్పు లేదు. కాబట్టి సాధారణముగా బ్యానరుకు వెనుక, దానిని మోయువారి ప్రక్కన నడచెదము. అచ్చటనుండి చూచువానికి గుడ్డమీది అక్షరములు కనబడవు. మోయు చేతులు కనబడును. ఒక ఎండకాలపు ఉదయమున పదుమూడేండ్ల బాలిక యొకతె గంటసేపు కర్ర మోసి, దింపిన తరువాత అరచేతిని పరికిణీకి తుడుచుకొనుట చూచితిమి. చేతిలో కర్ర పేళ్లు రెండు దిగియుండెను. "ఏల చెప్పలేదమ్మా?" అని అడుగగా, "చెప్తే ఇంకోసారి పట్టుకోనియ్యరని" అనెను. బ్యానరు పట్టుకొనుట ఆ పిల్లకు గౌరవము. ఆ గౌరవమునకు ఆమె చెల్లించిన వెలను ఎవ్వరును లెక్కకు తీసికొనలేదు. ఈ వ్యాసమున మేము చెప్పబోవునది ఆ లెక్కయే.

చేతులు నొచ్చుట ఒక్కటే అయినచో కొందరు దీనిని స్వల్పవిషయముగా త్రోసివేయవచ్చును. కాని గుడ్డకు వెనుకనున్న కష్టమునకు తోడు గుడ్డకు ముందు మరియొక నష్టము కలదు. 2016 అక్టోబరు 11న పాత మహబూబ్‌నగర్ జిల్లానుండి వేరుపడి ఏర్పడినవి జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలు. వీనిలో గద్వాల జిల్లా పరిధిలోని గ్రామములయందు, 2011 జనాభా లెక్కల ప్రకారము, అక్షరాస్యులు నూటికి యేబదిమంది కూడ లేకుండిరి. నేటి తెలంగాణ జిల్లాలలో అదియే మిక్కిలి తక్కువ. ఆడువారి సంఖ్య అంతకంటెను తక్కువయని వేరుగ చెప్పనక్కరలేదు. ఇట్టి సీమలో చదువును గూర్చిన ఊరేగింపు బ్యానరును ఎవరు చదువవలెనని మనము కోరుచున్నాము? కచేరి గుమస్తాయా? పాఠశాల పంతులా? వారికి ఆ మాట ముందే తెలియును. వీథి అరుగుమీద కూర్చున్న స్త్రీ, క్రొత్తగా అక్షరములు దిద్దినది, అచ్చు పుస్తకము దాటి మొదటిసారి వీథిలో ఒక మాటను తానై చదువబూనునది, ఆమె చదువవలెను. ఆమె ఒక్కొక్క అక్షరమును కూడబలుకుకొని చదువును. అట్టి చదువరికి గుడ్డ కదలక నిలువవలెను.

వనపర్తిలో ఒక సందు మొగదల ఇట్టి వృద్ధురాలొకతె మమ్ము ఆపి అడిగిన మాట మాకు మరపు రాదు. "ఏం రాసిన్రు బిడ్డా దానిమీద? నేను సదువుడు మొదలువెట్టెసరికి గుడ్డ మడత వడె. మల్ల తెరుసుకునెసరికి మీరు ముందుకు వోతిరి." ఆమె వయోజన విద్యాకేంద్రములో కొంతకాలము చదువుకొన్నదట. మేము ఆ మాటను నోటితో చెప్పితిమి. ఆమె నవ్వి, "నువ్వు చెప్తే ఇనుడు నాకు ఎప్పుడూ ఉన్నదే, సదివితే బాగుండునని" అనెను. సాక్షర భారత్ అను కేంద్రప్రభుత్వ పథకము 2009లో ఆరంభమై 2018 వరకు జరిగినది. 2022 తరువాత ఉల్లాస్ అను పేర మరియొకటి వచ్చినది. ప్రతి సంవత్సరము సెప్టెంబరు 8న అక్షరాస్యతా దినమును జరుపుచున్నాము. ఇన్ని పథకముల ఫలమును ఆ ముసలమ్మ వీథిలో పరీక్షించుకొనదలచినప్పుడు, సరియైన కర్ర లేక ఆ పరీక్ష తప్పిపోయినది.

మోతకును గౌరవమునకును గల సంబంధము ఈ సీమకు క్రొత్తది కాదు. గద్వాల, వనపర్తి, జటప్రోలు నైజాం రాజ్యములో సంస్థానములుగా నుండెను. ఛత్రములు, చామరములు, పల్లకీలు, పతాకములు ఆ వైభవమునకు అంగములు. వానిని చూచి పొగడినవారు పెక్కుమంది. మోసినవారి పేర్లు మాత్రము ఎచ్చటను నిలువలేదు. తెలంగాణమున వెట్టిచాకిరిలో మోతపని ముఖ్యభాగము. అధికారి ఊరికి వచ్చినచో సామానులు మోయవలెను, పల్లకి మోయవలెను, కూలి అడుగరాదు. ఈ గద్వాల సీమలోనే పుట్టి, 1926లో గోలకొండ పత్రికను స్థాపించి, 1930లో జోగిపేటలో మొదటి నిజాంరాష్ట్ర ఆంధ్రమహాసభకు అధ్యక్షత వహించిన సురవరము ప్రతాపరెడ్డిగారి తరము వారు ఆ వెట్టిని ఎదిరించిరి. నేడు వెట్టి చట్టవిరుద్ధము. బ్యానరు మోయు బాలికను వెట్టిది యనుట అతిశయోక్తియే యగును. ఆమె ఇష్టపడియే మోయుచున్నది. అయినను మోయువాని దేహమును గూర్చి తలపకుండుట అను పాత అలవాటు మనలను విడిచిపోలేదనుట అతిశయోక్తి కాదు.

అట్లని పూర్వులకు మోత మర్మము తెలియదనుకొనరాదు. మొహరము నెలలో ఈ ప్రాంతపు పల్లెలలో పీర్లను ఎత్తు వేడుక హిందువులకును ముస్లిములకును ఉమ్మడిది. మేము చూచిన ఊళ్లలో పీరు నెత్తువాడు నడుమునకు పొడవైన గుడ్డను బిగించి, కర్ర మొదలును దానిమీద ఆనించుకొని, చేతులతో పైభాగమును మాత్రము నిలుపుకొనుచుండెను. బరువంతయు నడుమునకు, అచ్చటనుండి కాళ్లకు దిగును. చేతులు తూకము చూచుకొనును. ఊరివారు తరతరములుగా ఎరిగిన ఈ కిటుకును మన అక్షరాస్యతా ఊరేగింపువారు ఎరుగకపోవుట విచిత్రము.

ఇక బ్యానరు బరువు ఎట్టిదో చూతము. పది అడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు గల గుడ్డ తూచినచో ఒక కిలోకు మించదు. దీనికింత రాద్ధాంతమేల అని అడుగవచ్చును. కాని ఆ కిలోను రెండు కొనలయందు పట్టుకొని సాగదీసి నిలుపవలెనన్నచో లెక్క మారును. గుడ్డ నడుమ మూడంగుళములు మాత్రమే వ్రేలవలెనన్నచో ఒక్కొక్కరు కర్రను ఐదు కిలోల బలముతో ప్రక్కకు లాగుచుండవలెను. ఆ వ్రేలాటను ఒకటిన్నర అంగుళమునకు తగ్గించదలచినచో పది కిలోలు కావలెను. బట్టలు ఆరవేయు త్రాటిని ఎంత బిగించినను నడుమ కొంచెము వంగియే యుండుట మన ఇండ్లలో ప్రతిదినము చూచుచున్నదే. "గట్టిగా లాగి పట్టుకొనుడు" అని ప్రక్కనుండి ఆజ్ఞాపించు పెద్దమనిషికి తన మాట ఎన్ని కిలోలో తెలియదు.

గాలి సంగతి ఇంకను కఠినము. గంటకు ఇరువది కిలోమీటర్ల వేగముతో గాలి ఎదురుగా వీచినప్పుడు ముప్పది చదరపుటడుగుల గుడ్డమీద సుమారు ఆరు కిలోల తోపుడు పడును. గాలి వేగము రెండింతలైనచో తోపుడు నాలుగింతలై ఇరువదినాలుగు కిలోలగును. పంట కోసిన తరువాత ఆకులేని మెట్టభూములమీదుగా వచ్చు పాలమూరు గాలిని ఎరిగినవారికి ఈ అంకెలు ఆశ్చర్యము కలిగింపవు. ఆరు కిలోలలో ఒక్కొక్క కర్రకు వచ్చునది మూడే. కాని ఆ మూడును చేతిపై మూడుగా పడవు. క్రిందిచేయి నేలనుండి మూడడుగుల ఎత్తునను, పైచేయి నాలుగడుగుల ఎత్తునను ఉన్నవనుకొందము. గుడ్డ నడిభాగము ఆరున్నర అడుగుల ఎత్తున నున్నది. ఇది నీళ్లు తోడు ఏతమువంటిదే. క్రిందిచేతినుండి గుడ్డ నడిభాగమునకు మూడున్నర అడుగులు, రెండుచేతుల నడుమ ఒక్క అడుగు. కావున పైచేతిమీద పదిన్నర కిలోలు పడును. క్రిందిచేయి ఏడున్నర కిలోల బలముతో దానికి ఎదురు త్రోయవలెను. పదుమూడేండ్ల పిల్ల చేతులలో గంటసేపు జరుగు పోరాటమిది. గాలికోసమని గుడ్డలో అర్ధచంద్రాకారముగా కోతలు పెట్టు ఆచారము కలదు; కాని కోసిన మేరకే గాలి తగ్గునుగాని అంతకంటె మేలు కలుగదు, అక్షరములు మాత్రము చెడును.

ఈ లెక్కను మేము కాగితముమీద వేసికొని నాగర్‌కర్నూలులో మాకు పరిచయముగల ఒక వృద్ధ వడ్రంగియొద్దకు పోయితిమి. ఆయన కాగితమును ప్రక్కనబెట్టి, "అయ్యా, ముందు ఎవరు మోస్తరో చెప్పున్రి. కొడవలి పిడి చేసేటప్పుడు గడ్డి కోసే చెయ్యి చూస్తం గద" అనెను. మేమెన్ని పుటలు వ్రాసినను ఇంతకంటె చక్కగా చెప్పలేము. ఆయన అడిగినట్లు మరునాడు ఇద్దరు బాలికలను వారి తల్లులతో కూడ పిలిపించితిమి. వారి నడుము ఎత్తు, భుజము ఎత్తు, పిడికిలి చుట్టుకొలత త్రాటితో కొలిచెను. పిడికిలి కొలత తీయునప్పుడు ఒక బాలిక సిగ్గుతో నవ్వెను. తన చేతి కొలతనుబట్టి ఏదైన వస్తువును చేయుట ఆమె అంతవరకు చూడలేదట.

మొదటి విచారము కర్ర దేనితో చేయవలెనని. ఎనిమిదడుగుల ఇనుప గొట్టము సన్ననిదైనను రెండున్నర, మూడు కిలోలు తూగును, ఎండలో కాలును, విద్యుత్తును ప్రసరింపజేయును. అల్యూమినియము గొట్టము తేలికయే గాని విద్యుత్తు దోషము దానికిని కలదు. ప్లాస్టిక్కు గొట్టము గాలికి విల్లువలె వంగును. నల్లమల అడవులలో పెరుగు గట్టి వెదురు, లోపలి బోలు మిక్కిలి తక్కువగా నుండునది, ఈ పనికి పుట్టినట్లే యున్నది. ఆ జాతి వెదురునే పూర్వము గుఱ్ఱపుదళములవారు బల్లెపు కర్రలకు వాడిరి. మూడేండ్లు నిండిన బొంగును నీడన ఆరబెట్టి, కణుపులను చిత్రికపట్టి, నూనెగుడ్డతో రుద్దినచో పేడు లేవదు. 2006నాటి అటవీహక్కుల చట్టము వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తిగా అంగీకరించి అడవిబిడ్డలకు దానిపై హక్కునిచ్చినది. 2017లో భారత అటవీ చట్టమును సవరించి, అడవికి వెలుపల పెంచిన వెదురును చెట్ల లెక్కనుండి తొలగించిరి. కాబట్టి పొలము గట్టున వెదురు పెంచుకొని మేదరివారికి పని కల్పించుటకు నేడు అడ్డు లేదు.

రెండవ విచారము కర్ర ఎంత పొడవుండవలెనని. పొడవైన కర్ర ఘనముగా కనబడును గనుక అందరును పొడవైనదానినే కోరుదురు. మా వడ్రంగి దానిని నాలుగున్నర అడుగులకు కుదించెను. పీరు నెత్తువానివలె కర్ర మొదలును నడుమునందే ఆనించినచో, నడుమునకు క్రిందనుండు కర్ర వృథా కదా! దిట్టమైన గుడ్డతో నడికట్టు కుట్టి, దానికి ముందు ఒక చిన్న తోలుసంచి తగిలించి, డప్పు వేయువాని పట్టెడవలె ఒక పట్టెడ భుజముమీదుగా వేసితిమి. కర్ర మొదలు ఆ తోలుసంచిలో కూర్చుండును. గుడ్డ వెడల్పును మూడడుగులనుండి రెండడుగులకు తగ్గించితిమి. అప్పుడు పై లెక్క ఎట్లు మారెనో చూడుడు. గాలి తోపుడు ఆరు కిలోలనుండి నాలుగుకు దిగును. ఒక్కొక్క కర్రకు రెండు. గుడ్డ నడిభాగము ఆరడుగుల ఎత్తునకు వచ్చును. నడికట్టు నేలనుండి రెండడుగుల తొమ్మిదంగుళముల ఎత్తున నుండగా, చేయి దానికి అడుగున్నర పైన కర్రను పట్టుకొనును. చేతిమీద పడు బలము నాలుగు కిలోలకు కొంచెము మించును. పదిన్నర ఎక్కడ, నాలుగెక్కడ! అదియుగాక రెండవచేయి ఖాళీయగును. చెమట తుడుచుకొనవచ్చును, చేయి మార్చుకొనవచ్చును.

మూడవది, ప్రక్కకు లాగుట. దీనికి మందు చాల సులభము. గుడ్డ పై అంచును మడిచి గొట్టమువలె కుట్టి, దానిలో సన్నని అడ్డవెదురును దూర్చినచో సాగదీయు పనియంతయు ఆ అడ్డకర్రయే చేయును; మనుష్యులు లాగనక్కరలేదు. పది అడుగుల అడ్డకర్ర బస్సులో పట్టదు గనుక దానిని మూడు ముక్కలు చేసి, రోకలికి వేయునట్లు ఇత్తడి పొన్నులు వేయించి, ఒకదానిలో ఒకటి బిగియునట్లు చేసితిమి. నిలువుకర్రలు కూడ రెండేసి ముక్కలే. అంతయు కలిపి గొడుగు సంచివంటి పొడవైన సంచిలో ఇమిడి, బస్సులో ఒడిలో పెట్టుకొని పోవుటకు వీలుగా నున్నది. అడ్డకర్రను నిలువుకర్రలకు మేకుతో కొట్టక త్రాటి ఉచ్చుతో తగిలించితిమి. ఏలయన ఇద్దరి ఎత్తులు సమముగా నుండవు, ఇద్దరి అడుగులును సమముగా పడవు. ఒకరు వెనుకబడినచో ఉచ్చు సర్దుకొనును, మేకైనచో కర్ర విరుగును.

ఉచ్చును, మడత కుట్టును మాకు నేర్పినది గద్వాలలోని ఒక మగ్గపు ఇల్లాలు. గద్వాల చీర నేతలో నూలు ఒడలికి పట్టు అంచును కలుపుట ప్రధానమైన నేర్పు. రెండు వేరు గుణముల దారములు కలియు చోటనే చీర చినుగవచ్చును గనుక అచ్చటనే నేతగాని కన్ను నిలుచును. మా బ్యానరును చూచి ఆమె, గుడ్డ కర్రను కలియు మూలలయందు గుడ్డను రెండు మడతలు చేసి అడ్డకుట్టు వేయుమని చెప్పెను. పలుచని నూలు గుడ్డ గాలికి మొదట చినుగునది ఆ మూలలందే. వేలకొలది మగ్గముల పేరు మోసిన ఊరిలో అక్షరాస్యత బ్యానరుకు ప్లాస్టిక్కు ఫ్లెక్సీని తెచ్చుకొనుట ఎంత తగని పనియో ఆమె నోటితో అనలేదు, మేమే గ్రహించితిమి. నూలు గుడ్డ ఉదికి మరల వాడవచ్చును. ఫ్లెక్సీ మరునాటికి పశువుల కొట్టము మీది కప్పగును, లేదా మురుగుకాలువ కడ్డమగును.

కర్ర పొట్టిదగుటవలన కలిగిన మరియొక మేలు అన్నిటికంటె గొప్పది. మన వీథులలో తలలపైన విద్యుత్తు తీగలు పోవుచున్నవి. నియమముల ప్రకారము వీథికి అడ్డముగా పోవు సాధారణ తీగ నేలకు 5.8 మీటర్ల ఎత్తునను, పదకొండువేల వోల్టుల తీగ 6.1 మీటర్ల ఎత్తునను ఉండవలెను. కాని తీగ వ్రేలాడును. వీథిమీద వీథి వేయగా నేల లేచును. అటుపై గుడ్డ తడియును, వెదురు తడియును. తడిసిన వెదురు ప్రాణము కాపాడునని నమ్మరాదు. 2022 ఏప్రిల్ 27న తంజావూరు సమీపమున ఆలయ రథము తీగకు తగిలి 11 మంది మరణించిరి. 2024 నవంబరులో తూర్పుగోదావరి జిల్లా తాడిపర్రులో ఫ్లెక్సీ కట్టుచు నలుగురు యువకులు ప్రాణములు కోల్పోయిరి. వీరెవ్వరును సాహసమునకు పోయినవారు కారు, వేడుకకు పోయినవారు. ఏ వ్రాతయును, ఏ జయధ్వానమును ఒక బిడ్డ ప్రాణమునకు సాటి రాదు. మా కర్ర నడుమున నిలిచినప్పుడు దాని కొన నేలకు ఏడడుగుల పైచిలుకు మాత్రమే. ఆ కొలతలో మేము ఎవ్వరికొరకును ఒక్క అంగుళమును పెంచము.

ఈ విచారము మన దేశములోనే క్రొత్తగా పుట్టినది కాదు. ఇంగ్లండులో దర్హాము గనికార్మికులు 1871 మొదలుకొని జరుపుకొను ఉత్సవములో పెద్దపెద్ద పట్టు బ్యానరులను మోయుదురు. కర్రల మొదళ్లు తోలుపట్టెడల గిన్నెలలో నిలుచును. ముందు వెనుకల త్రాళ్లు పట్టుకొని మరికొందరు గాలిని కాచుదురు. 1908 జూన్ 13న లండనులో స్త్రీలు ఓటుహక్కు కొరకు తీసిన గొప్ప ఊరేగింపునకు, రంగుటద్దముల చిత్రకారిణియైన మేరీ లౌండ్సును ఆమె తోడి స్త్రీలును బ్యానరులు కుట్టిరి. ఆమె మరుసటి యేడు బ్యానరులు చేయు విధమును గూర్చి ఒక వ్యాసమే వ్రాసెను. ఓటు వంటి మహావిషయమునకు పోరాడుచున్నవారు కుట్టును, కర్రను గూర్చి వ్రాయుట చిన్నతనమనుకొనలేదు. మోయవలసినది తామే గనుక వారికి ఆ ఎరుక కలిగినదని మా యభిప్రాయము. మన ఊరేగింపులలో వ్రాయించువారు వేరు, మోయువారు వేరు. అందుచేతనే కర్ర అనాథయైనది.

గుడ్డ వెడల్పు తగ్గింపగానే మాకు ఒక చిక్కు వచ్చినది. కార్యనిర్వాహకులొకరు, "ఇంత సన్నని గుడ్డమీద ముఖ్యఅతిథుల పేర్లు ఎక్కడ పట్టును?" అని అడిగిరి. పట్టవు. పట్టకుండుటయే మేలు. ఊరేగింపు గంటకు మూడు కిలోమీటర్లు నడచుననుకొందము. అనగా క్షణమునకు సుమారు రెండడుగుల తొమ్మిదంగుళములు. నలుబది అడుగుల దూరమున కన్నుపడి పది అడుగులకు చేరువలో దాటిపోవు గుడ్డను చదువుటకు అరుగుమీది స్త్రీకి దొరకు కాలము పదకొండు క్షణములు. క్రొత్తగా నేర్చినది నిమిషమునకు ఇరువది మాటలు చదువుననుకొన్నను, ఆ పదకొండు క్షణములలో మూడు నాలుగు మాటలకంటె చదువలేదు. కాబట్టి మా గుడ్డమీద నాలుగే మాటలు, ఒకటే వరుస. మన లిపిలో పైన తలకట్టులు, క్రింద ఒత్తులు ఉండుటచేత వరుసకు పైనను క్రిందను చోటు విడిచి, అక్షరమును ఎనిమిదంగుళముల ఎత్తున వ్రాయించితిమి. ముఖ్యఅతిథుల పేర్లను సభలో నోటితో చదివిరి. వారిలో ఎవరును చిన్నబుచ్చుకొనలేదు.

ఇట్టి కర్రలతో వనపర్తిలోను, పిదప గద్వాలలోను నడచితిమి. కర్ర బాగుపడినంతమాత్రమున ఊరికి చదువు వచ్చినదని మేము చెప్పబోము. చూచినది చూచినట్లు చెప్పెదము. గుడ్డ మడత పడలేదు. బాలికల చేతులు కందలేదు. పది నిమిషములకొకసారి మోయువారు మారవలెనని ముందే నియమము పెట్టుకొంటిమి గనుక, ఆడపిల్లలతోపాటు మగపిల్లలును, ఉపాధ్యాయులును, ఒక గ్రామసంఘపు పెద్దామెయు మోసిరి. నడికట్టు ఎవరి నడుమునకైనను సరిపోవుటకు మూడు రంధ్రములున్నవి. సందు మొగదల ఊరేగింపును ఇరువది క్షణములు నిలిపితిమి. అరుగులమీద పెదవులు కదలినవి. ఒక తల్లి చంకలోని బిడ్డకు చూపుచు మొదటి మాటను పైకి చదివెను. రెండవ మాట దగ్గర ఒత్తు తడబడగా ప్రక్కింటి పిల్లవాడు అందించెను. ఊరేగింపు తీయుట దీనికొరకు కాకున్న మరి దేనికొరకు?

సంఘసంస్కరణమును గూర్చి గొప్ప సంగతులు వ్రాయవలసిన పత్రికలో కర్రను గూర్చి ఇన్ని పుటలా యని చదువరులు కొందరు విసుగుకొనవచ్చును. సంస్కరణమనగా దుర్బలుని కొలతను లోకమునకు కొలతగా చేయుటయే యని మేము నమ్ముచున్నాము. బడి బల్ల పిల్లవాని కొలతకు, పొయ్యి ఇల్లాలి కొలతకు, అక్షరము క్రొత్త చదువరి కన్నునకు, కర్ర పదుమూడేండ్ల పిల్ల పిడికిలికి సరిపోవలెను. మీ ఊరిలో తదుపరి ఊరేగింపునకు మిమ్ము పిలిచినప్పుడు గుడ్డమీద ఏమున్నదో తరువాత చూడవచ్చును. మొదట కర్రను ఒకసారి మీ చేతితో ఎత్తి చూడుడు; దానిమీద అరచేయి ఉంచి పై నుండి క్రిందికి నిమురుడు. పేడు గుచ్చుకొన్నచో ఆ కర్రను మార్పించుడు. అంతవరకు ఊరేగింపును కదలనీయకుడు.